కి మాన్యేర్? కోరెక్! మారిషస్ క్రియోల్ పలకరింపుల లోగుట్టు

పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కల దాల్ పూరీ అమ్మే చోట పొద్దున పూట కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

“బోంజూర్ తోంతోం, కి మాన్యేర్?”

“కోరెక్. ఏ ఊ?”

“కోరెక్, మెర్సీ. దోన్ మ్వా ఎన్ పేర్.”

“పీమా?”

“తిగిత్.”

మన మాటల్లో చెప్పుకుంటే: “నమస్తే బాబాయ్, ఎలా ఉన్నారు?” “బాగున్నా, మీరు?” “బాగున్నానండీ. ఒక జత ఇవ్వండి.” “మిరపకాయ వెయ్యనా?” “కొంచెం.” దాల్ పూరీ అంటే ఉడికిన పప్పును పొడిచేసి లోపల పెట్టి పల్చగా వత్తిన రొట్టె, మన బొబ్బట్టుకి బెల్లం అంటని చుట్టం. జతల లెక్కనే అమ్ముతారు కాబట్టి ‘ఎన్ పేర్’ అంటే చాలు, దేని జత అని ఎవరూ అడగరు.

ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు ఈ నాలుగు మాటలూ వింటే సగానికి పైగా అర్థమవుతాయి. అందుకే “ఇది విరిగిన ఫ్రెంచ్ కదా” అనేస్తారు. ఆ మాట మారిషస్‌లోనే చదువుకున్నవాళ్ళ నోటి నుంచి తరతరాలుగా వినిపించింది. కొంతమంది నోటి నుంచి ఇప్పటికీ వినిపిస్తుంది. అది ఎందుకు తప్పో తేలాలంటే పెద్ద పెద్ద వ్యాకరణ గ్రంథాలు అక్కర్లేదు. ఎవరు ఎవరిని ఎలా పలకరిస్తున్నారో, దానికి ఏం జవాబు వస్తోందో కాస్త దగ్గరగా వింటే సరిపోతుంది.

మొదటి మాట బోంజూర్. ఫ్రెంచ్‌లోనూ ఇదే కదా అనిపిస్తుంది, కానీ అందులోని ‘జ’ వేరు. ఫ్రెంచ్‌వాళ్ళ జ లో శ కలిసినట్టు ఉంటుంది, ఇంగ్లీషులో ‘విజన్’ అనేటప్పుడు వచ్చే శబ్దం అది. క్రియోల్‌లో ఆ శబ్దం మామూలుగా ఉండదు, దాని స్థానంలో మన ‘జల్లెడ’లోని జ కి దగ్గరగా ఉండే శబ్దం పలుకుతుంది. అలాగే ఫ్రెంచ్‌లో శ పలికే చోట ఇక్కడ స వస్తుంది. ఇదేదో నోరు తిరగక వచ్చిన తేడా అనుకోవద్దు. ఎక్కడ పడితే అక్కడ, ఒకరు ఒకలా మరొకరు ఇంకోలా పలికితే దాన్ని విరగడం అనొచ్చు. భాష మొత్తంలో ఒకే పద్ధతిగా మారితే అది ఆ భాషకున్న ఉచ్చారణ నియమం.

ఈ ఒక్క శబ్దం మీద మారిషస్‌లో బోలెడంత సామాజిక వ్యవహారం నడుస్తుంది. పెద్ద షాపింగ్ మాల్‌లోనో, బ్యాంకులోనో కౌంటర్ దగ్గరికి వెళితే అవతలి మనిషి ఫ్రెంచ్ పద్ధతిలోనే బోంజూర్ అనే అవకాశం ఎక్కువ. బస్సులో పక్క సీటువాళ్ళు క్రియోల్ పద్ధతిలో అంటారు. క్రియోల్ మాట్లాడుతూనే మధ్య మధ్య ఆ ఫ్రెంచ్ జ ని దొర్లించేవాళ్ళూ ఉన్నారు. మనలో కొందరు తెలుగు మాట్లాడుతూ ‘యాక్చువల్లీ’ దగ్గర గొంతు మారుస్తారే, అలాంటిదే. ఎదుటివాళ్ళు ఏ బోంజూర్ అన్నారో విని, మనతో ఎంత దూరంలో నిలబడాలనుకుంటున్నారో అక్కడివాళ్ళు ఇట్టే పసిగట్టేస్తారు.

ఇక ‘కి మాన్యేర్’. ఇందులోని రెండు ముక్కలూ ఫ్రెంచ్ నుంచి వచ్చినవే, ‘ఏ తీరుగా’ అని అర్థం. కానీ ఏ ఫ్రెంచ్ మనిషీ ఎదురుపడ్డవాళ్ళని “ఏ తీరుగా?” అని పలకరించడు. వాళ్ళ పలకరింపులు వేరు. సరుకు ఫ్రాన్స్ నుంచి వచ్చింది, పలకరింపు మాత్రం ఈ దీవిలో తయారైంది. తెలంగాణలో “ఎట్లున్నవ్?” అన్నంత సులువుగా దీన్ని వాడతారు. కాస్త చనువు ఉంటే “కి నువెల్?” అంటారు, ‘ఏంటి కబుర్లు’ అన్నమాట. కుర్రకారు “కి పోజిస్యోం?” అని కూడా అంటుంది. పరిస్థితి ఏంటి గురూ, అన్నట్టు.

ఈ భాష ఎక్కడి నుంచి వచ్చింది

క్రియోల్ అన్న మాట విన్నప్పుడల్లా మనకి రెండు మూడు విషయాలు కలగాపులగం అవుతాయి కాబట్టి ముందు అవి విడదీద్దాం. రెండు వేరు వేరు భాషలవాళ్ళు పని కోసమో బేరం కోసమో అవసరం మేరకు అల్లుకునే అరకొర భాషని పిడ్జిన్ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల ఇళ్ళలో వంటవాళ్ళు, బట్లర్లు మాట్లాడిన బట్లర్ ఇంగ్లీషు అలాంటిదే. అది ఎవరికీ ఉగ్గుపాలతో వచ్చిన భాష కాదు. పని అయిపోగానే ఎవరింటి భాష వాళ్ళది. ఒక తరం పిల్లలకి ఇలాంటి కలగలుపు మాటలే ఇంటి భాష అయితే, వాళ్ళు ఆ భాషలోనే అలిగి, ఆడుకుని, కలలు కంటే అది పూర్తిస్థాయి భాషగా ఎదుగుతుంది. దాన్ని క్రియోల్ అంటారని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ప్రతి క్రియోలూ పిడ్జిన్ మెట్టు ఎక్కే వచ్చిందా అన్నదాని మీద భాషావేత్తల్లో గట్టి వాదనలే ఉన్నాయి. కరీబియన్ దేశం హైతీలో పుట్టి అమెరికాలో ఎంఐటీలో పనిచేస్తున్న భాషావేత్త మిషెల్ డిగ్రాఫ్ అయితే క్రియోల్ భాషల్ని వేరే జాతి భాషలుగా చూడడమే తప్పంటారు. అవీ అన్ని భాషల్లాగే మారుతూ వచ్చినవే అన్నది ఆయన వాదం. నాకు ఆ వాదనే సబబుగా తోస్తుంది.

ఇంకో చిక్కు: మారిషస్‌లో క్రియోల్ అన్నది భాష పేరే కాకుండా ఒక జనసమూహం పేరు కూడా. ఆఫ్రికా, మడగాస్కర్ మూలాలున్నవాళ్ళని ఆ పేరుతో పిలుస్తారు. భాష మాత్రం వాళ్ళొక్కళ్ళదే కాదు. పన్నెండున్నర లక్షల జనాభాలో పదిమందికి ఎనిమిది మందికి పైగా ఇంట్లో మాట్లాడేది ఇదే. వాళ్ళలో ఎక్కువ మంది ముత్తాతలు మన దేశం నుంచి ఓడ ఎక్కినవాళ్ళే.

చరిత్రని చిన్నగా చెప్పుకుంటే, మనుషులెవరూ లేని ఆ దీవిలో 1638లో డచ్చివాళ్ళు కాపురం పెట్టారు, 1710లో వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచ్‌వాళ్ళు జెండా పాతారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనె పోర్ట్ లూయిస్‌ని రేవు పట్టణంగా కట్టించాడు. దానికి పుదుచ్చేరి నుంచి తాపీ, వడ్రంగం పనివాళ్ళని రప్పించాడు. పొలాల్లోకి మడగాస్కర్, మొజాంబిక్ తీరాల నుంచి బానిసల్ని పట్టుకొచ్చారు. ఒకరి భాష ఒకరికి తెలియని ఇంతమంది ఒకే తోటలో, ఒకే వంటింట్లో బతికిన ఆ 18వ శతాబ్దంలోనే క్రియోల్ పుట్టింది. అది అక్కడికక్కడే పుట్టిందా, పక్కనున్న రీయూనియన్ దీవి నుంచి వచ్చిన విత్తనమా అన్నదాని మీద భాషావేత్తలు ఫిలిప్ బేకర్ ఒకవైపు, రోబెర్ షోదాన్సోం ఇంకోవైపు నిలబడి ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. కానీ ఫ్రెంచ్‌వాళ్ళ చట్టాలు, ఆచారాల జోలికి పోమని లొంగుబాటు షరతుల్లోనే ఒప్పుకున్నారు. అందువల్ల పాలన ఇంగ్లీషు, పత్రికలు ఫ్రెంచ్, వీధి క్రియోల్ అనే విచిత్రమైన వాటాలు పడ్డాయి. అవి ఇప్పటికీ చాలావరకు అలాగే ఉన్నాయి. 1968 రాజ్యాంగంలోని 49వ సెక్షన్ చూడండి. అసెంబ్లీ భాష ఇంగ్లీషు, కావాలంటే సభ్యులు ఫ్రెంచ్‌లో మాట్లాడొచ్చు అంటుంది. దేశమంతా మాట్లాడే భాష ఊసే అందులో లేదు.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు దిగారు. మూడు నెలలు తిరగకుండా, 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలుగా వచ్చారు. వాళ్ళు దిగిన మెట్లే అప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కోరంగి, విశాఖ రేవుల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు అందులో భాగమే. వాళ్ళు వెళ్ళేసరికే ఆ దీవికి ఒక వాడుక భాష ఉంది. తోటలో మేస్త్రీతో, సంతలో కోమటితో, పక్క గుడిసెలో భోజ్‌పురి మాట్లాడే కుటుంబంతో, తమిళం మాట్లాడే కుటుంబంతో మాట కలపాలంటే అదొక్కటే దారి. మూడు నాలుగు తరాలు తిరిగేసరికి అదే ఇంటి భాష అయింది.

మీరు, నువ్వు, అందరూ

తెలుగువాళ్ళకి క్రియోల్‌లో మొదట చుట్టంలా అనిపించేది నువ్వు-మీరు తేడా. తో అంటే నువ్వు. ఊ అంటే మీరు, కానీ ఒక్కరికే. మనం ఒక పెద్దాయనకీ మీరు అంటాం, పదిమంది పిల్లలకీ మీరు అంటాం. ఫ్రెంచ్‌లోనూ అంతే. క్రియోల్ ఈ రెండింటినీ విడగొట్టింది. ఒక పెద్దాయనకి ఊ, పదిమందికి జోత్. ఆ పదిమందీ పిల్లలైనా, ముసలివాళ్ళైనా జోతే. పైగా ‘వాళ్ళు’ అనడానికి కూడా జోత్ అనే మాటే వాడతారు. ఎవరి గురించి అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

మనకి గౌరవం క్రియాపదం చివర కూడా ఉంటుంది: వచ్చావా, వచ్చారా. క్రియోల్ క్రియలకి ఆ తోకలు లేవు. “తో ఫిన్ వినీ?” అంటే వచ్చావా, “ఊ ఫిన్ వినీ?” అంటే వచ్చారా. క్రియ రెండింట్లోనూ ఒకటే, మర్యాద భారమంతా ఆ చిన్న సర్వనామం మీదే పడింది. కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో తో అంటే చురుక్కుమంటుంది. చిన్ననాటి స్నేహితుడితో ఊ అంటే ఏదో అలిగినట్టు ఉంటుంది. మరి ఎదురుగా ఉన్న మనిషిని ఏమనాలో తేలనప్పుడు? మనం తెలుగులో ఆ ఇరకాటం వచ్చినప్పుడు “ఎటు ప్రయాణం?” అని క్రియే లేకుండా దాటేస్తాం కదా. కి మాన్యేర్ చేసేదీ అదే పని. అందులో తో లేదు, ఊ లేదు. ఎవరికైనా అనొచ్చు. జవాబుగా వచ్చే కోరెక్‌లోనూ ‘నేను’ లేదు. అది అంతగా వాడుకలోకి రావడానికి ఈ సౌకర్యమూ ఒక కారణమని నా అనుమానం.

సంబోధన కూడా సాయం చేస్తుంది. వరస కలిపి పిలవడం మనకి కొత్త కాదు. అక్కడా పెద్దాయనని తోంతోం, పెద్దావిడని తాంతీన్ అంటారు, బాబాయ్, పిన్ని అన్నట్టే. రక్తసంబంధం ఉండక్కర్లేదు. దగ్గరి స్నేహితుణ్ణి మత్లో అంటారు. ఫ్రెంచ్‌లో ఓడ కళాసీ అన్న అర్థం ఉన్న మాట అది. రేవు ఊళ్ళో కళాసీలు మన ‘మామా’ స్థాయికి వచ్చేశారన్నమాట.

పలకరింపు దాటి పరిచయంలోకి వెళితే భాష అసలు పనితనం బయటపడుతుంది. పేరు అడగాలంటే “కుమా ఊ అపెలే?” అంటారు. జవాబు “మో అపెల్ లక్ష్మి.” ప్రశ్నలో అపెలే, జవాబులో అపెల్. ఊరు అడిగితే “కోత్ ఊ రెస్తే?”, జవాబు “మో రెస్ కాత్ర్ బోర్న్.” మళ్ళీ రెస్తే, రెస్. తిన్నారా అంటే “ఊ ఫిన్ మాంజే?”, అన్నం తిన్నాను అంటే “మో’న్ మాంజ్ దిరి.” ఒకే క్రియకి పొడుగు రూపం, పొట్టి రూపం ఉన్నాయి. క్రియ తర్వాత దాన్ని పూర్తిచేసే మాట ఏదైనా వస్తే పొట్టిది వాడతారు. వాక్యం క్రియతోనే ఆగిపోతే పొడుగుది. ఈ నియమం ఫ్రెంచ్‌లో లేదు. ఏ బడిలోనూ నేర్పకుండానే మూడేళ్ళ పిల్ల దీన్ని పాటిస్తుంది, పారిస్ నుంచి వచ్చిన పండితుడు తప్పుతాడు. విరిగిన ఫ్రెంచ్ అన్నవాళ్ళకి ఇంతకంటే జవాబేం కావాలి?

ఆ వాక్యంలోని దిరి మీద ఒక మాట. ఫ్రెంచ్‌లో బియ్యానికి రి, దాని ముందు ‘కొంత’ అన్న అర్థంలో ద్యు అనే ముక్క చేరుతుంది. విన్నవాళ్ళకి రెండూ కలిసి ఒకే మాటగా వినపడ్డాయి, అలాగే అతుక్కుపోయాయి. నీళ్ళు దిలో, టీ దితే, సముద్రం లామేర్, వాన లాప్లి, పక్షి జ్వాజో. పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న భాషలో ఇలా జరగదు. చెవితో నేర్చుకున్న భాష అనడానికి ఇవి సంతకాలు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక చోట మాత్రం జాగ్రత్తపడాలి. “మిమ్మల్ని కలవడం సంతోషం” అనడానికి “మో కోంతాం జ్వెన్ ఊ” అంటారు. కోంతాం అంటే సంతోషం, ఇష్టం. తడబడి మధ్యలో జ్వెన్ మింగేసి, ఊ బదులు త్వా అన్నారంటే అది “మో కోంతాం త్వా” అవుతుంది. నిన్ను ప్రేమిస్తున్నాను అని. మొదటి పరిచయంలో అంత దూరం వెళితే టెన్షనే.

సలాం చెప్పి వెళ్ళడం

విడిపోయేటప్పుడు వినపడే మాట చాలామంది భారతీయుల్ని ఆశ్చర్యపరుస్తుంది. హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు, చైనా మూలాలవాళ్ళు, ఎవరైనా సరే చనువుగా సెలవు తీసుకునేటప్పుడు “సలాం” అంటారు. మన దగ్గర సలాం ఎదురుపడినప్పటి మాట. అక్కడ అది వెళ్ళేటప్పటి మాట అయింది, దానికి మతం రంగు కూడా లేదు. దానికి ముందు “అలే” అని ఒక చిన్న ముక్క వస్తుంది. “అలే, సలాం” అంటే “సరే, ఉంటా మరి” అన్నట్టు. కాసేపట్లో మళ్ళీ కలుస్తాం అనుకుంటే “తాలేర్”. ఎప్పుడో ఒకప్పుడు అయితే “ను జ్వెన్”, కలుద్దాం. మనం పోతున్నాను అనకూడదని “వెళ్ళొస్తాను” అంటామే, ఆ పట్టింపు వాళ్ళకి లేదు. “మో పె అలే” అని, వెళ్తున్నానని నేరుగానే చెప్పేస్తారు.

మనకి చెవికి ఇంపుగా తగిలే మాట ఇంకొకటి ఉంది, అయో. బస్సు తప్పినా అయో, పిల్లాడు పడినా అయో, ధర వినగానే అయో. “అయో మో బొంజె!” అంటే అయ్యో దేవుడా. ఇది మన తెలుగు మాటే అని వెంటనే జబ్బలు చరుచుకోవాలనిపిస్తుంది. కానీ తమిళులు, మలయాళీలు, కన్నడిగులు అందరూ అయ్యో అనేవాళ్ళే. తమిళ పనివాళ్ళు తెలుగు కూలీల కంటే వందేళ్ళ ముందే ఆ దీవిలో ఉన్నారు. వంటింటి మాటలు చూస్తే కూడా తమిళ పోలికే కనిపిస్తుంది. కరివేపాకు అక్కడ కరిపూలే, బీరకాయ పిపెంగాయ్, మునగాకు బ్రెద్ మురూం. కొత్తిమీరని కోతోమిలి అంటారు. అందులో మన వాటా ఎంతో, తమిళుల వాటా ఎంతో పంచుకోవడం కష్టం. తెలుగు ముద్ర అంతకంటే స్పష్టంగా ఉన్నది పూజల్లో, పండగల్లో. సింహాద్రి అప్పన్న పేరున చేసే పూజలు, అమ్మోరు పండుగ, రామభజనం ఇప్పటికీ నడుస్తున్నాయి. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు దినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది మారిషస్‌లోనే. ఉగాది నాడు గుళ్ళో నమస్కారాలు, శుభాకాంక్షలు తెలుగులో వినిపించినా, గుడి మెట్లు దిగాక పక్కింటివాళ్ళు చెప్పేది మాత్రం “బోన్ ఫెత్”. దీపావళికీ ఈద్‌కీ క్రిస్మస్‌కీ కూడా అదే మాట.

మిగతా దీవుల్లో

క్రియోల్ అంటే ఒకే భాష అనుకుని మారిషస్ మాటలు హైతీలో వాడబోతే పని జరగదు. హైతీది కూడా ఫ్రెంచ్ మాటలతో కట్టిన క్రియోలే, మాట్లాడేవాళ్ళు కోటి మందికి పైమాటే. కానీ మధ్యలో రెండు మహాసముద్రాలున్నాయి. “నేను తింటున్నాను” అనడానికి మారిషస్‌లో “మో పె మాంజే”, హైతీలో “మాప్ మాంజే”. అక్కడి మాంజేలో ఫ్రెంచ్ జ అలాగే నిలిచింది. సెషెల్స్ భాష మాత్రం మారిషస్‌కి బాగా దగ్గర, ఒకరి మాట ఒకరికి తేలిగ్గానే అర్థమవుతుంది. రీయూనియన్ భాష దగ్గరే అనిపిస్తుంది కానీ తడుముకోవాలి. తెలుగువాళ్ళకి ఆ దీవితో ఉన్న బంధం మారిషస్ కంటే పాతది. యానాం నుంచి 1828లోనే అక్కడికి తెలుగు కూలీల్ని తీసుకెళ్ళారు.

హైతీలో పలకరింపు అంటే ఒక చిన్న తంతు. పల్లెటూళ్ళలో ఎవరింటికైనా వెళితే వాకిలి బయటే ఆగి “ఓనే!” అని కేక వెయ్యడం పాత పద్ధతి. అంటే గౌరవం. లోపలి నుంచి “రెస్పే!” అన్న జవాబు వచ్చాకే అడుగు పెడతారు. ఒక మాట వేస్తే దానికి జతమాట తిరిగి రావాలి, అప్పుడే తలుపు తెరుచుకున్నట్టు. స్నేహితుల మధ్య “సాక్ పాసే?” అంటే ఏంటి సంగతి. జవాబు “నాప్ బూలే.” నేరుగా చూస్తే ‘మండుతున్నాం’ అని. ఒళ్ళు మండిపోతోందన్నట్టు మనకి వినపడుతుంది కానీ వాళ్ళకది జోరు మీదున్నాం అనే హుషారు మాట. మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే బోంజూ పోయి బోంస్వా వచ్చేస్తుంది. ఎండ మాడుతున్నా సరే సాయంత్రపు పలకరింపే. రేపు కలుద్దాం అనేటప్పుడు “సి జె వ్లే”, దేవుడి దయ ఉంటే, అని కలుపుతారు.

పలకరింపు-జవాబు జత మారిషస్‌లో పొడుపుకథల దగ్గరా ఉంది. చెప్పేవాళ్ళు “సిరాందాన్?” అనగానే వినేవాళ్ళు “సాంపెక్!” అనాలి. అప్పుడే కథ విప్పుతారు. “దిలో దిబూ?” నిలబడిన నీళ్ళు ఏవి? చెరకు. “దిలో పాందాం?” వేలాడే నీళ్ళు? కొబ్బరికాయ. చెరకు తోటల దీవికి ఇంతకంటే తగిన పొడుపుకథ ఉండదు.

ఇక బాగున్నావా అన్నదానికి వచ్చే జవాబుల్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. హైతీలో ఎలా ఉన్నారంటే “ను లా” అనే జవాబు సర్వసాధారణం, అంటే ‘ఇక్కడున్నాం’. ఇంకో కరీబియన్ దీవి మార్టినిక్‌లో “మ్వెన్ లా”, ఇక్కడున్నాను. రీయూనియన్‌లో “కొమాన్ ఇ లే?” అంటే “లే లా”. ఇవన్నీ ఫ్రెంచ్ మూలం కాబట్టి ఒకేలా ఉన్నాయేమో అనుకుంటే, ఇంగ్లీషు మాటలతో కట్టిన జమైకా భాషలో “వా గ్వాన్?” అన్నదానికి “మి డె యా” అంటారు. అదీ ఇక్కడున్నా అనే. నైజీరియా పిడ్జిన్‌లో “ఐ డే”, ఉన్నా. ఎక్కడెక్కడో ఉన్న దీవులు, తీరాలు, జవాబు ఒకటే.

దీన్ని బానిసత్వంతో ముడిపెట్టి చెప్పేవాళ్ళున్నారు. నిన్నటి మనిషి ఇవాళ ఉంటాడో లేదో తెలియని తోటల్లో ‘బతికే ఉన్నాను’ అనడమే పెద్ద వార్త అని. వినడానికి గుండె పట్టేస్తుంది, కానీ నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. మన తాతమ్మల్ని ఎలా ఉన్నారంటే “ఏదో ఉన్నాం నాయనా” అనలేదా? ఈ భాషల్లో చాలావాటికి ‘ఒక చోట ఉండడం’, ‘క్షేమంగా ఉండడం’ ఒకే క్రియలో సర్దుకుంటాయి. పపువా న్యూగినీలో మాట్లాడే టోక్ పిసిన్‌లో “యు స్టాప్ గుట్?” అంటే బాగున్నావా. అక్కడ స్టాప్ అంటే ఆగడం కాదు, ఉండడం. మన ‘బాగు ఉన్నావా’ని ముక్కలు చేస్తే వచ్చేదీ అదే. సియెర్రా లియోన్ క్రియో భాషలో “అవ్ డి బాడి?” అంటారు, “ఒంట్లో ఎలా ఉంది?” అని మనం అడిగినట్టే. “డి బాడి ఫైన్” అన్నది జవాబు. ఈ పోలికలు చూసి ఎవరి నుంచి ఎవరు తెచ్చుకున్నారని వెతకడం కంటే, పలకరించడానికి మనుషులందరికీ ఉన్న సరుకు కొంచెమేనని ఒప్పుకోవడం మంచిది.

బడిలోకి వచ్చాక

ఎక్కడికక్కడ ఈ భాషలకి కాగితం మీద చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. హైతీ 1804లోనే బానిసల తిరుగుబాటుతో స్వతంత్ర దేశమైంది, కానీ జనం భాషకి ఫ్రెంచ్‌తో పాటు అధికార భాష హోదా వచ్చింది 1987 రాజ్యాంగంతోనే. సెషెల్స్‌లో 1982 నుంచి బడిలో చదువు మొదలవడమే క్రియోల్‌లో. మారిషస్‌లో షార్ల్ బెస్సాక్ అనే ఆయన 1880లోనే ఈ భాష మీద పుస్తకం రాశాడు, ఆ తర్వాత కథలూ పొడుపుకథలూ పోగుచేశాడు. అయినా ఆయన కూడా దాన్ని యాసగానే లెక్కేశాడు. కవి, భాషావేత్త దేవ్ విరాసామి 1960ల నుంచి ఇది పూర్తి భాషేనని పోట్లాడుతూ అందులోనే నాటకాలు రాశారు. 2023లో ఆయన కన్నుమూశారు. ఆయన ఇంటిపేరు వినగానే మనకి వీరాసామి గుర్తుకురావడం సహజమే, ముత్తాతలు ఈ తీరాల వైపువాళ్ళే. 2010లో ప్రభుత్వం భాషా అకాడమీ పెట్టింది, మరుసటి ఏడు లిపి నియమాలు వచ్చాయి. 2012 జనవరిలో ప్రాథమిక బడుల్లో క్రియోల్‌ని ఐచ్ఛికంగా పెట్టారు, హిందీ, తమిళం, తెలుగు, ఉర్దూ వంటివి ఉన్న వరసలోనే.

ఆ వరసలో ఒక మెలిక ఉంది. తెలుగు మూలాలున్న కుటుంబంలో పిల్లకి ఇంట్లో వచ్చిన భాష క్రియోల్, కానీ బడిలో ‘మన భాష’గా చదివేది తెలుగు. అదే గంటలో పక్క గదిలో క్రియోల్ పాఠం జరుగుతుంది. ఇది తెలుగుకి పోటీ అని కంగారు పడేవాళ్ళున్నారు. నాకైతే ఆ పిల్ల “బోంజూర్ తోంతోం” అనడంలోనూ “నమస్కారం అండీ” అనడంలోనూ తేడా బాగానే తెలుసుకుని ఉంటుందనిపిస్తుంది. మొదటిది రోడ్డు మీద, రెండోది సభలో. మనం మాత్రం తక్కువా? పొద్దున్నే టీకొట్టు దగ్గర నమస్కారం అని ఎంతమంది అంటున్నాం? “ఏంటన్నా” అనో “ఏం సంగతి” అనో కదా అంటాం.

మారిషస్ వెళ్ళేవాళ్ళకి ఒక ఉపయోగపడే విషయం. మీరు పర్యాటకులని తెలియగానే అక్కడివాళ్ళు మర్యాద కొద్దీ ఇంగ్లీషులోకో ఫ్రెంచ్‌లోకో మారిపోతారు. భారతీయులని పోల్చుకుంటే కొందరు హిందీ కూడా అందుకుంటారు. క్రియోల్‌లోనే మాట్లాడాలని ఉంటే అడగాలి: “కోజ్ క్రియోల్ ఆర్ మ్వా, సిల్వూప్లే.” నాతో క్రియోల్‌లో మాట్లాడండి అని. ఆ తర్వాత వచ్చే వేగం తట్టుకోలేకపోతే “దూస్మాం”, నెమ్మదిగా అనండి. అర్థం కాకపోతే “మో పా కోంప్రాం”. ఏదైనా అడిగే ముందు మాత్రం బోంజూర్ తప్పనిసరి. మన దగ్గరలాగా ఎకాఎకి “బస్టాండ్ ఎటు?” అని మొదలుపెడితే, దారి చెబుతారు గానీ ముందు మీ మొహంలోకి చూసి తాపీగా “బోంజూర్” అని వాళ్ళే అనేసి, మీరు తిరిగి అనేదాకా ఆగుతారు.